మాట తీసిన పాట

డబ్బింగు అను మాట నేడు మన యిండ్లలో ముసలివారు మొదలు పసివారి వరకు ఎరుగని వారు లేరు. ఒక భాషలో తీసిన చలనచిత్రమునకు మన మాటలు అతికించినచో అది డబ్బింగు చిత్రము. తెరమీద పెదవులొక తీరున కదలును, చెవికి మాట మరియొక తీరున వినబడును. అయినను కథ నడచిపోవును, మనమును చూచి వచ్చెదము. ఇదే మాటకు జమైకా ద్వీపమున తలక్రిందైన అర్థము కలదని తెలిసిననాడు మాకు కొంత నవ్వు, కొంత వింత కలిగినవి. మనకు డబ్బింగనగా మాటను చేర్చుట. వారికి డబ్ అనగా మాటను తీసివేయుట.

అది పుట్టిన తీరు చెప్పదగినది. 1968 ప్రాంతమున ఆ ద్వీపములోని స్పానిష్ టౌన్ అను పట్టణమున రడ్డీ రెడ్‌వుడ్ అను నాతడు వీధులలో పెద్ద ధ్వనివర్ధకములు నిలిపి జనులకు పాటలు వినిపించు వృత్తిలో నుండెను. మన జాతరలలోని మైకుసెట్టు వానివంటి వాడే యనుకొనుడు. అయితే మన మైకుసెట్టువానికి లేని గౌరవము అక్కడి వారికి కలదు. వారు శబ్దశాలలకు పోయి, ఎవరికిని దొరకని పాటల పళ్లెములను తమకొరకు ప్రత్యేకముగా చేయించుకొనెడివారు. ఒకనాడు ట్రెజర్ ఐల్ అను శబ్దశాలలో పారగాన్స్ అను బృందము వారి పాటను పళ్లెమున కెక్కించునపుడు అక్కడి సాంకేతికుడు గాయకుల గొంతును చేర్చుట మరచెను. తప్పిపోయినదని పారవేయవలసిన ఆ పళ్లెమును రెడ్‌వుడ్ ఇంటికి కొనిపోయెను. మొదట గొంతున్న పాటను వినిపించి, వెనువెంటనే గొంతులేని పాటను వినిపించెను. జనులు ఊరకుండిరా? ఆ ఖాళీలో తామే పాడిరి.

ఆ పిమ్మట ఈ పనిని ఒక విద్యగా చేసినవాడు కింగ్ టబ్బీ యను పేర ప్రసిద్ధుడైన ఆస్‌బర్న్ రడక్. ఆయన పాడినవాడు కాడు, వాద్యము పట్టినవాడు కాడు. కింగ్‌స్టన్ నగరములో రేడియోలను, ధ్వనియంత్రములను బాగుచేసి బ్రదికినవాడు. శబ్దశాలలో గొంతొక పట్టీమీద, మద్దెల దెబ్బ వేరొక పట్టీమీద, మంద్రతంత్రి మరియొక పట్టీమీద ఎక్కించియుందురు. ఏ పట్టీకి ఆ పట్టీకి జారుడు మీట యొకటి యుండును. టబ్బీ గొంతు మీటను క్రిందికి లాగును. పాట నడుమ ఒక్క మాటను మాత్రము లోనికి వదలి మరల మూయును. ఆ మాట దిగుడుబావిలో పిలిచిన పిలుపువలె మారుమ్రోగి మారుమ్రోగి సన్నగిల్లును. క్రింద మద్దెల, తంత్రి నడచుచునే యుండును. ఇట్లు పాటను మరమ్మతు చేసిన ఈ మనుష్యుడు 1989 ఫిబ్రవరిలో తన యింటి వాకిటనే తుపాకికి బలియయ్యెను.

ఈ డబ్బునకు తల్లియైన రెగ్గే పాట నడకను గూర్చి ఒక్క మాట. నాలుగు దెబ్బల తాళమున మన భజన మందిరములలో చిడుతలు పట్టినవాడెవడైనను మొదటి దెబ్బమీదనే బలముగా కొట్టును. రెగ్గేలో పేరుపడిన యొక నడకయందు మొదటి దెబ్బ ఖాళీ. పెద్ద మద్దెల మూడవ దానిమీద పడును. తంత్రులు రెండు నాలుగులమీద చిటుక్కుమనును. వినువాని కాలు తన కెక్కడ ఆనవలెనో వెదకుకొనును. సంగీతము నేర్చిన వారికి ఇది బొత్తిగా క్రొత్తకాదు. తాళము మొదలుకాగానే కాక ఒకింత జాగుచేసి ఎత్తుకొను పద్ధతిని మన శాస్త్రము అనాగతమని పేరుపెట్టి యెప్పుడో గుర్తించినది.

మే మిరువది యేండ్లుగా వనపర్తిలో పిల్లలకు పద్యములు చెప్పుకొనుచున్నవారము. మాకీ జమైకా గొడవ యెట్లు తగిలినదని చదువరు లడుగవచ్చును. హైదరాబాదులో చదువుకొను మా పెద్దమ్మాయి దసరా సెలవులకు వచ్చి, "నాన్నా, ఇది వినండి, తరువాత తిట్టండి" అని చేతి ఫోనులో రెండు ఆల్బములు వినిపించినది. మొదటిది ఇంగ్లండు దేశపు పింక్ ఫ్లాయిడ్ అను రాక్ బృందమువారు 1973 మార్చిలో వెలువరించిన "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్". కాలము, ధనము, చావు, పిచ్చి, ఇవి దాని వస్తువులు. అమెరికా దేశపు విక్రయపట్టికలో 1973 నుండి 1988 వరకు అది 741 వారములు నిలిచినదట. రెండవది న్యూయార్కులోని ఈజీ స్టార్ ఆల్-స్టార్స్ అను బృందమువారు 2003లో చేసిన "డబ్ సైడ్ ఆఫ్ ది మూన్". మైకేల్ గోల్డ్‌వాసర్ అను నాతని కూర్పున, ఆ పాటలనే, ఆ వరుసనే, మొదటినుండి తుదివరకు రెగ్గేలోనికిని డబ్‌లోనికిని దింపిరి. అది చెల్లుబాటగుటతో వారు ఊరకుండక 2006లో రేడియోహెడ్ వారి ఆల్బమును, 2009లో బీటిల్స్ వారి దానిని, 2012లో మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్"ను, 2023లో డేవిడ్ బౌవీ దానిని ఇట్లే తిరిగి చేసిరి. తక్కిన వానిని మేము పైపైన వింటిమి. మొదటిదానినే నాలుగైదు మారులు వింటిమి.

మూలము ఎడమలేని కట్టడము. ఒక పాట తరువాత నొకటి తలుపు లేకుండ కలిసిపోవును. గుండె చప్పుడుతో ఆరంభించి గుండె చప్పుడుతో ముగియును. నడుమనంతయు ఆకాశమున తేలుచున్నట్లుండును. రెండవదానిలో ఆ ఆకాశమునకు కాళ్లు మొలచినవి. మంద్రతంత్రి చెవికన్న ముందు కడుపునకు తగులును. ధనమును గూర్చిన పాటకు మూలమున నాణెములు, గల్లాపెట్టె శబ్దములు పీఠికగా నుండగా, ఇందు వానికి మారుగా గంజాయి గొట్టము గుడగుడయు, దగ్గును పెట్టిరి! బడిపంతులము గనుక మా ముఖము చిట్లినది. మా అమ్మాయి మాత్రము పడిపడి నవ్వినది. ఆలోచింపగా అందులో మర్మము లేకపోలేదు: ఆ బీదల ద్వీపము దనగానే లోకము మొదట తలచుకొనునది దానినే గదా, ఆ మాటను వారే ముందుగా అనివేసిరి.

గద్వాలలో నున్న మా మేనమామగారి వయస్సు ఎనుబది దాటినది. సంస్థానములు పోయినను "విద్వద్గద్వాల" యను పేరు తమమీదనే నిలిచియున్నట్లు మాటలాడుదురు. ఏటేట పండితసత్కారములు జరిగిన యూరు గనుక ఆ గర్వము చెల్లును. మేము వారి యింటికి పోయి ఈ రెండింటిని వినిపించితిమి. మొదటిదానిని ఓపికగా వినిరి. రెండవదానిలో గొంతు మాయమై మద్దెల మిగిలిన చోట కన్నులు తెరచి,

"ఏమిరా, మూలవిరాట్టును తీసి అవతల పెట్టి, ఖాళీ గర్భగుడికి హారతి పట్టినట్టున్నదే!" అనిరి.

"చిదంబరములో హారతి పట్టునది ఖాళీకే గదా, మామయ్యా!" అంటిమి.

ఆయన నవ్విరి గాని విడువలేదు. "సరే, పరదేశపు పాట పరదేశి చేతిలో ఏమైన మనకేమి? రేపు పోతన పద్యమును పట్టుకొని ఇట్లే చేయుదురు. అప్పుడును చిదంబరమే చెప్పుదువా?"

ఆ ప్రశ్న మాతో వనపర్తి వరకు వచ్చినది.

మొదట ఒక భేదము తేల్చుకొనవలెను. వినాయకచవితి పందిళ్లలో స్తోత్రములకు యంత్రపు దెబ్బ కలిపి, వేగము పెంచి, అర్ధరాత్రి వరకు వీధిని అదరగొట్టుట మనమెరిగినదే. దానిని మేము వెనుకవేసికొని రాజాలము. అక్కడ దెబ్బ స్తోత్రము నెత్తిన ఎక్కి కూర్చుండును. స్తోత్రమేదైనను దెబ్బ యొకటే. డబ్ చేయువాని పని వేరు. వాడు పాట లోపలికి దిగి, అందు ఇదివరకే యుండి మనకు వినబడని దానిని వెలికి తీయును. అందుకై పైనున్న దానిని కొంత తీసివేయును. తీసివేయుటకు చేర్చుటకన్న ఎక్కువ వినికిడి కావలెను. అన్నిటను వారీ పని చక్కగా చేసిరని మే మనము. పిచ్చివానిని గూర్చిన తుది పాటలలో మూలము నందలి భయము రెగ్గే హాయిలో కరగిపోయినదని మా యభిప్రాయము.

మరి పోతన పద్యములో అట్లు వెలికి తీయదగిన దేమున్నది? వృత్తముల మాట యటుంచి కందమును చూడుడు. గగ, భ, జ, స, నల, ఈ గణము లన్నియు నాలుగు మాత్రలవే. మొదటి పాదమున మూడు, రెండవ పాదమున ఐదు. సగము పద్యమునకు ఎనిమిది గణములు, ముప్పదిరెండు మాత్రలు. మనము రాగము తీసి చదువుచు ఈ లెక్కను చెవికి దూరము చేసితిమి గాని, కందము పుట్టుకతోనే తాళమునకు కూర్చున్న పద్యము. ఇంకొక ముచ్చట. సగమునందు ఆరవ గణము జగణముగాని నలముగాని కావలెనని నియమము కలదు. జగణమనగా లఘువు, గురువు, లఘువు. గురువు రెండవ మాత్రమీద మొదలై మూడవదానిపైకి సాగును. అనగా బరువు దెబ్బమీద పడక దెబ్బ తప్పించి పడును. సమముగా నడచుచున్న పద్యము అక్కడ ఒక్కమారు తూలి నిలదొక్కుకొనును. మేము ఇన్నియేండ్లు దీనిని నల్లబల్లమీద గురులఘువులుగా గీచి చూపితిమి. చెవితో వినిపింపవచ్చునన్న యూహ ఆ జమైకావారి మద్దెల విన్న తరువాతనే కలిగినది.

ధనమును గూర్చిన ఆ పింక్ ఫ్లాయిడ్ పాట ఏడు దెబ్బల నడకలోనిది. నాలుగింటికి అలవడిన పాశ్చాత్యుల చెవికి అది కుంటినడక. అందుచేతనే దానిని గొప్పగా చెప్పుకొందురు. మన పిల్లలకా యేడు ఉగ్గుపాలతో వచ్చినది. 1910లో గురజాడ అప్పారావుగారు ముత్యాలసరము నడిపినది మూడును నాలుగును కలిసిన యేడు మాత్రలమీదనే గదా. "దేశభక్తి" గేయమును ఒక్కతూరి బల్లమీద చేతితో దరువు వేయుచు పాడుకొనుడు, తెలియును. గ్రాంథికపండితులు ఆనాడు దానిని పద్యమే కాదనిరి.

ఇక ఒక బాణీమీద వేయి పాటలు పాడుట జమైకావారికి ఎంత సహజమో మన ఆడువారికి అంతకన్న సహజము. బతుకమ్మ చుట్టు తిరుగుచు "ఉయ్యాలో" యను పల్లవితో సీతమ్మ కష్టములు చెప్పుదురు, ఆడుబిడ్డ ఆరడి చెప్పుదురు, నిన్న మొన్నటి ఎన్నికలు గూడ చెప్పుదురు. బాణీ ఎవరిదని ఎవరును అడుగరు.

అడుగవలసిన చోటులును కలవు. పింక్ ఫ్లాయిడ్ ఆల్బములో మాటలేని పాట యొకటి యున్నది. ఒక స్త్రీ కంఠము ఏ మాటయు పలుకక దుఃఖమును, విడుదలను పాడును. ఆమె క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారమునాటి కూలిగా ఆమెకు ముట్టినది ముప్పది పౌండ్లు. స్వరకర్తగా ఆమె పేరు వ్రాయలేదు. ఆమె 2004లో న్యాయస్థానమున కెక్కెను. 2005లో రాజీ కుదిరిన తరువాతనే స్వరకర్తలలో నొకతెగా ఆమె పేరు చేరినది. మాట తీసిన పాట సరే. మనిషిని తీసిన పాట మాట ఏమి?

మన దేశమున 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమునకు 2012లో చేసిన సవరణ ప్రకారము, ఒక పాట మొదట ముద్రణయైన సంవత్సరము ముగిసి అయిదేండ్లు గడచిన పిమ్మట ఎవరైనను దానిని తిరిగి పాడి వెలువరింపవచ్చును. అయితే స్వామికి ముందుగా తెలిపి, ఏటికి కనీసము 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ చెల్లింపవలెను; అవసరముగాని మార్పులు చేయరాదు. మంచిదే. కాని పాటకు స్వామి యెవరో కాగితముమీద లేనప్పుడు? మా పాలమూరు సీమలో పండుగ సాయన్న కథ నెరుగని పల్లె లేదు. ఉన్నవారిని కొట్టి లేనివారికి పెట్టినవాడని ఆయనను కిన్నెరమీద కీర్తించిరి. ఎండిన సొరకాయ బుర్రలు వెదురునకు బిగించిన ఆ వాద్యము పన్నెండు మెట్లది. దానిని తన తాతతండ్రులనుండి అందుకొన్నవాడు నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము అవుసలికుంట గ్రామస్థుడు దర్శనం మొగులయ్య. 2021లో "భీమ్లా నాయక్" చిత్రపు పాటకు ఎత్తుగడగా ఆయన గొంతును, కిన్నెరను వాడుకొనిరి. తమన్ సంగీతము. కొన్ని క్షణములు కిన్నెర, ఆ మీదట చలనచిత్రపు మద్దెలల హోరు. కూరలో కరివేపాకు గుర్తుకు వచ్చినది మాకు. అయినను న్యాయముగా చెప్పవలెనన్న, ఆయన పేరు దాచలేదు. ఆ పాటతో తెలుగు దేశమంతయు ఆయన నెరిగినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆ పద్మశ్రీ మొగులయ్య హైదరాబాదు ప్రక్కన కూలిపని చేయుచున్నాడని పత్రికలలో చదివితిమి.

ఇవన్నియు మనస్సులో తిరుగుచుండగా మేము తొమ్మిదవ తరగతివారికి గజేంద్రమోక్షము చెప్పునపుడు, ఆ మద్దెలను ఫోనులో కొంచెము వినిపించి, కందము గణములను దానిపై లెక్క పెట్టించితిమి. వెనుక బల్లమీది బాలుడొకడు, తాతముత్తాతల నాటినుండి డప్పు వాయించు మాదిగ కుటుంబమువాడు, రెండు వ్రేళ్లతో బల్లమీద ఆరవ గణమును సరిగా పట్టెను. జగణమన నేమో వానికి పుస్తకములో నెన్నడును అంటలేదు. మరునాడు వాడే వచ్చి, వార్షికోత్సవమున కందము చదివెదనని, తండ్రి డప్పు వాయించునని చెప్పెను.

ఉత్సవపు పెద్దలలో నొకరికి ఇది రుచింపలేదు. "చావుకు కొట్టు డప్పు పోతన పద్యమునకా?" అనిరి.

"పెండ్లికిని జాతరకును కొట్టునది గూడ అదియేనండి. పోతన పొలము దున్నుకొని బ్రదికెనని మనమే పిల్లలకు పాఠము చెప్పుచున్నాము. ఆ పొలముల ప్రక్కన డప్పు వినబడలేదందురా?" అంటిమి. వాదము రెండు దినములు నడచినది. చివరకు డప్పునకు ఒప్పుకొనిరి. కార్యక్రమపత్రములో డప్పువాని పేరెందుకనిరి. మేము పద్యకర్త పేరున్న పంక్తిలోనే ఆ పేరు చేర్చి అచ్చునకు పంపితిమి.

ఉత్సవమునాడు సాయంకాలము ఆ తండ్రి బడి వెనుక నాలుగు గడ్డిపరకలు అంటించి డప్పు కాచుకొనెను. సిర్రతో నొకటి, సిటికెన పుల్లతో నొకటి కొట్టి చూచుకొనెను. వేదికమీదికి రమ్మంటిమి.

"వద్దు సారూ. నేను కిందనే నిలవడత. డప్పు యాడున్నా ఇనవడ్తది."

రెండుమారులు, మూడుమారులు పిలిచితిమి. కొడుకును పిలిచెను. రాలేదు. మెట్ల ప్రక్కన దీపము పడని చోట నిలిచెను.

పిల్లవాడు పద్యమెత్తెను. మొదటి రెండు పాదములు చదివి, తాము ముందుగా అనుకొన్నట్లే నోరు మూసెను. ముప్పదిరెండు మాత్రల పర్యంతము డప్పు ఒక్కటే వినవచ్చినది. ఆరవ గణమున దెబ్బ తప్పి పడినది. క్రింద చాపలమీద కూర్చున్న పిల్లలలో ఎవరో మూడవ పాదము అందుకొనిరి. నాలుగవ పాదమునకు చేరునప్పటికి బడియంతయు చదువుచుండెను. గద్వాలనుండి వచ్చి ముందు వరుసలో కూర్చున్న మా మామగారి పెదవులును కదలుట చూచితిమి. చేయి మాత్రము తొడమీద రాగపు పద్ధతినే నిలుపుకొని, డప్పుతో కలియలేదు.

శాలువలు కప్పు సమయమునకు తండ్రికొరకు వెదకితిమి. ఆయన కార్యక్రమపత్రమును మడిచి జేబులో పెట్టుకొని, డప్పును భుజమునకు తగిలించుకొని, బయటి వాకిట సైకిలు తీయుచుండెను. ఊరిలో చావొకటి యున్నదట. తెల్లవారకముందే డప్పు కావలెనట.